మందార రసం

1983లో నేను మెదక్ జిల్లాలోని ఒక పల్లె బడిలో సైన్సు మాస్టర్ని. ఆ రోజుల్లో అక్కడ బాణామతి అన్న మాట పలకాలంటేనే జనం గొంతు తగ్గించేవారు. దండెం మీద బట్టలు అంటుకున్నా, బర్రె పాలు ఎగ్గొట్టినా, ఆడమనిషి గొంతు మారి కుక్కలా అరిచినా దాని పేరే చెప్పేవారు. ఎవరి మీద అనుమానం పడితే వాళ్ళ పళ్ళు పీకేవారు. పళ్ళు లేనివాడికి మంత్రం పలకదని నమ్మకం. నా పక్క గదిలో ఉండే తెలుగు పంతులు ‘తులసిదళం’ చదివి, నెల రోజులు లాంతరు ఆర్పకుండా పడుకున్నాడు.

ఈ భయం పోగొట్టాలని నాకు నిజంగానే ఉండేది. బట్టలు అంటుకోవడం తెల్ల భాస్వరంతో చేయొచ్చని, నీళ్ళలోంచి తీసి గాలికి పెడితే 30 డిగ్రీల వేడికే అది మండుతుందని పిల్లలకు చెప్పాను. జనవరి 26న జెండా పండుగకు ఊరంతా వస్తుంది కనక, నిమ్మకాయలోంచి నెత్తురు కారించే కిటుకు అందరి ముందూ విప్పుదామనుకున్నాను.

బడి వెనక సందులో అవ్వ ఇల్లు. పేరుతో పిలిచేవాళ్ళు లేరు, ఊరందరికీ అవ్వే. పెనిమిటి పోయి చాలా కాలమైంది, పిల్లలు లేరు. వాకిట్లో ఐదు రేకల మందారం చెట్టు నిండా పూసేది. ముందురోజు సాయంత్రం పూలకోసం వెళ్తే, “పువ్వులకేంది బిడ్డా, తెంపుకపో” అంది. చిన్న రోట్లో ఆకూ వక్కా దంచుకుంటోంది. నోట్లో మిగిలినవి మూడే పళ్ళు. పైన రెండు, కింద ఒకటి.

ప్రదర్శన ముందుగా ఆమెకే చూపించాను. మందార రేకలు చాకుకు రెండు వైపులా గట్టిగా రుద్దితే ఊదారంగు పసరు అంటుకుంటుంది. ఆరితే ఇనుము రంగులో కలిసిపోతుంది. ఆ చాకుతో నిమ్మకాయ కోస్తే కారేది అచ్చం నెత్తురే. మందారంలో ఆంథోసయనిన్ అనే రంగు ఉంటుంది, పులుపు తగిలితే ఎర్రబడుతుంది. అదే పసరుకు ఆమె సున్నపుకాయలోంచి కాస్త సున్నం తీసి రాస్తే ఆకుపచ్చగా తిరిగింది. అవ్వ చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. “మల్ల జెయ్యి బిడ్డా” అని మూడుసార్లు చేయించుకుంది. నవ్వినప్పుడల్లా ఆ మూడు పళ్ళూ ఆకువక్కతో ఎర్రగా కనిపించేవి. ఆ ఊళ్ళో నా పాఠం పూర్తిగా అర్థమైంది ఆమెకొక్కదానికే.

మర్నాడు కుంకుమ బొట్టు పెట్టుకుని, వేపమండలు పట్టుకుని మంత్రగాడిలా నిలబడ్డాను. “ఎవరి పేరు మీద కొయ్యమంటారు?” అన్నాను. వెనక నుంచి ఎవడో కుర్రాడు “మాలీ పటేల్!” అని అరిచాడు. పటేల్, పట్వారీ పదవులు ఇంకా పోలేదప్పటికి. ఆయన ముందు వరసలో, చేతుల కుర్చీలో కూర్చుని ఉన్నాడు. నేను అక్కడ ఆగాల్సింది. జనం నవ్వుతుంటే హుషారు వచ్చింది. ఆయన పేరు మూడుసార్లు పలికి కోశాను. తెల్లకాగితం మీద ఎర్రటి చుక్కలు టపటపా పడ్డాయి.

పటేల్ లేచాడు. కండువా కుర్చీకే వదిలేసి వెళ్ళిపోయాడు. కిటుకు విప్పి, చాకు చూపించి, పిల్లలు చప్పట్లు కొట్టేవేళకు ఆయన కుర్చీ ఖాళీగా ఉంది.

నాలుగో రోజుకు ఆయన మంచం పట్టాడు. ముద్ద నోట్లో పెడితే కక్కేసేవాడు. పట్నం నుంచి డాక్టరు వచ్చి చూసి రోగమేమీ లేదన్నాడు. నేను నిమ్మకాయ, చాకు, పూలు తీసుకుని ఆయన దగ్గరికే వెళ్ళాను. నా అడుగుల చప్పుడు వినగానే దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాడు. దుప్పటి కింద ఆ మనిషి వణుకుతుంటే మంచం కోళ్ళు చప్పుడు చేశాయి. చాలా ఏళ్ళ తర్వాత వాల్టర్ కానన్ అనే అమెరికన్ శరీరధర్మ శాస్త్రవేత్త 1942లో రాసిన వ్యాసం గురించి చదివాను. తనకు చేతబడి జరిగిందని గట్టిగా నమ్మిన మనిషి ఆ భయంతోనే చచ్చిపోవచ్చని, ఎడతెగని భయానికి రక్తపోటు పడిపోతుందని ఆయన రాశాడు. 1983లో నాకది తెలియదు. ఆయన నా వల్ల చచ్చిపోతున్నాడని మాత్రం తెలుసు.

ఊరికీ తెలుసు. నేను వస్తుంటే దారిలో మనుషులు పక్కకు తప్పుకునేవారు. హోటలాయన చాయ్ డబ్బులు తీసుకోవడం మానేశాడు. బడికి రాని పిల్లలు వచ్చారు. ఒక రాత్రి ఒకామె కోడిపుంజును తెచ్చి గడప ముందు పెట్టి, సవతి పేరు చెప్పి ఏడ్చింది. తిట్టి పంపాను. కానీ నిజం చెప్పాలి. ఆ వారం రోజులూ నాకు బాగుంది. 350 గడపల ఊరు నా నాలుక కదిలితే భయపడుతోంది. అంతకుముందు నా జీవితంలో ఎవరూ నన్ను చూసి పక్కకు తప్పుకోలేదు.

పదకొండో రాత్రి తలుపు బాదారు. లాంతర్లు, కర్రలు, ఇరవై ముప్పై మంది. ముందు నిలబడ్డవాడి చేతిలో కమ్మరి పట్టకారు ఉంది.

“పళ్ళు వీకుండ్రి. మంత్రం కట్టయితది, పటేల్ లేస్తడు.”

ఇద్దరు నా భుజాలు పట్టుకున్నారు. పట్టకారు చల్లగా పెదవికి తగిలింది. తుప్పు వాసన ఇప్పటికీ గుర్తే. నేను అరిచాను. నాలో ఏ శక్తీ లేదు, నిమ్మకాయలో లేదు, మంత్రంలో లేదు, అంతా పువ్వులోనే ఉంది అన్నాను.

“ఏం పువ్వు?”

“మందారం.”

“యాడికెళ్ళి తెచ్చినవ్?”

ఆ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పకుండా ఉండొచ్చు. అడవిలోంచి అనొచ్చు, సంతలోంచి అనొచ్చు.

“అవ్వ వాకిట్లోంచి.”

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒకడు మెల్లగా అడిగాడు.

“గీ పని అవ్వకు ఎరికేనా?”

“ఎరికే. ముందు ఆమె దగ్గరే చేశాను.”

పట్టకారు నా మూతి మీద నుంచి దిగింది. భుజాలు వదిలేశారు. ఒకాయన “తప్పయింది సారూ” అని చేతులు జోడించాడు. లాంతర్లు బడి చుట్టూ తిరిగి వెనక సందులోకి వెళ్ళడం చూశాను. తలుపు వేసి గడియ పెట్టుకున్నాను. ఆ రాత్రి విన్నదాని గురించి ఎక్కడా రాయలేదు, ఇక్కడా రాయను.

తెల్లవారేసరికి పటేల్ గంజి తాగాడు. మధ్యాహ్నానికి కర్ర పట్టుకుని నడిచాడు.

అవ్వ మందారం చెట్టు మొదట్లో పడి ఉంది. పోలీసులు వచ్చారు. అప్పటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 174 సెక్షన్ ప్రకారం శవ పంచనామాకు ఊళ్ళో గౌరవం గల వాళ్ళు కనీసం ఇద్దరు సాక్షులుగా ఉండాలి. పటేల్‌ను పిలిచారు. నన్ను పిలిచారు. ఎవరూ ఏమీ చూడలేదన్నారు. పెదాల మీద, గదవ మీద ఎరుపు కనిపిస్తే, ఆకువక్క నమిలే అలవాటుందని ఎవరో చెప్పారు. రాసుకున్నారు. ఏ ఎరుపు దేనిదో పిల్లలకు పాఠం చెప్పేవాణ్ణి నేను.

అధికారి నోరు తెరిచి చూసి, నా వైపు తిరిగాడు.

“మాస్టారూ, మీరు పక్కనే ఉంటారు గదా. ఈమెకు పళ్ళున్నాయా?”

పటేల్ నన్ను చూశాడు. వెనక నిలబడ్డ ఊరంతా నన్ను చూసింది.

“లేవు సార్. ముసలామె.”

వృద్ధాప్యం వల్ల దంతములు లేవని రాశారు. దాని కింద పటేల్ సంతకం, దాని పక్కన నాది.

ఆమెకు మూడు పళ్ళుండేవి.