బాబిగాఁ డుఱుకును: ఒక గోల్ఫు పద్యానికి ఆత్మకూరు వ్యాఖ్య

మూలం (ఆటవెలది)

గోల్ఫు తోటఁ జూడఁ గోరిన పిల్లల
వెంటఁ బెట్టుకొనుచు వెడలునాఁడు
బంతికన్న ముందు బాబిగాఁ డుఱుకును
పద్దు చీటి మీదఁ బాప బొమ్మ

అవతారిక

మూలంలో లేనిది రాయనని, అక్కరలేనిది చెప్పనని ప్రతిజ్ఞ పట్టి కాళిదాసుకు వ్యాఖ్యానం రాసినవాడు మల్లినాథసూరి. ఆయనది మెదక్ జిల్లా కొల్చారం. నాది సూర్యాపేట జిల్లా ఆత్మకూర్ (ఎస్). అటువంటి ప్రతిజ్ఞలు మా దిక్కు చెయ్యరు.

(ఎస్) అనగా సూర్యాపేట. మోత్కూరు పక్కనున్న ఆత్మకూరుకు (ఎం) తగిలించి, మాకు (ఎస్) తగిలించారు. చిరునామాలో ఆ ఒక్క అక్షరం మింగేస్తే పెండ్లి పత్రిక పక్క జిల్లాకు పోతుంది. మా మండలంలో వరి ఉంది, పత్తి ఉంది, గోల్ఫు లేదు. అందుచేత ఈ వ్యాఖ్యాతకు ఆ ఆట మీద ఏ పక్షపాతమూ లేదని చదువరులు గ్రహింతురుగాక.

పద్యకర్త ఎవరో తెలియరాలేదు. శైలిని బట్టి చూస్తే మహాకవి. ఆయనా నేనూ ఒకే కండ్లద్దాలు వాడతామని మా ఇంట్లోవాళ్లు అంటారు గాని దానికి శాసనాధారం లేదు. సందర్భం మాత్రం తెలుసు. హైదరాబాదులో కంపెనీ కొలువు చేసే మా అల్లుడికి గోల్ఫు పట్టుకున్నది. ఆదివారం తెల్లవారంగనే సంచి భుజానికేసుకుని పోతుంటే, మా బిడ్డ గడపకు అడ్డం నిలబడి, “పోతే పొండ్రి, పిల్లల్ని గూడ తోల్కపొండ్రి. నాకు గూడ ఆదివారమే గద” అన్నది. తరువాత నా దిక్కు తిరిగి, “నాయినా, నువ్వు గూడ పోరాదు, జర పిల్లల్ని చూస్తవు” అన్నది. పద్యం అక్కడ పుట్టింది.

ప్రతిపదార్థం

గోల్ఫు తోటన్ = గోల్ఫు ఆడే పచ్చిక బయలును; చూడన్ = చూచుటకు; కోరిన = ఇష్టపడిన (ఇది అబద్ధం, విశేషాల్లో చూడుడు); పిల్లలన్ = ఆరేండ్ల మనుమడిని, మూడేండ్ల మనుమరాలిని; వెంటన్ పెట్టుకొనుచు = తోలుకొని; వెడలునాఁడు = పోయిన దినాన; బంతికన్న ముందు = తండ్రి కొట్టిన బంతి ఇంకా దొర్లుచుండగనే; బాబిగాఁడు = మనుమడు; ఉఱుకును = పరుగెత్తును; పద్దు చీటి మీదన్ = దెబ్బల లెక్క రాసుకునే స్కోరుకార్డు మీద; పాప = మనుమరాలు గీసిన; బొమ్మ = చిత్తరువు (ఉండును అని అధ్యాహారం).

తాత్పర్యం

పిల్లలను గోల్ఫుకు తోలుకపోయినవాడు ఆ దినం గోల్ఫు ఆడడు.

విశేషాలు

“తోట” అనడం మీద అల్లుడికి అభ్యంతరముంది. “తోట కాదు మామా, కోర్సు” అంటాడు. పూలూ పండ్లూ లేకపోయినా కోసినట్టు పచ్చగడ్డి, చెట్లు, నీళ్ల మడుగులు ఉన్న చోటును తోట అనకపోతే ఏమనాలి? గోల్కొండలో నయాఖిల్లా గోడల నడుమ గోల్ఫు ఆడతారు. అక్కడే హతియాన్ కా ఝాడ్ అనే పెద్ద బావోబాబ్ చెట్టు ఉంది. దాని మాను ఏనుగుల గుంపంత ఉంటుంది, లోపల బోలు. అటువంటి చెట్టుండగా ఆరేండ్లవాడు బంతి దిక్కు చూస్తాడని అనుకునేవాడికి పిల్లలు లేరన్నమాట.

“చూడఁ గోరిన” అన్నది కవిసమయం. పిల్లలు చూడగోరింది గోల్ఫును కాదు, బ్యాటరీ బండిని. డ్రైవరు పక్క సీటు కోసం అన్నాచెల్లెండ్ల నడుమ జరిగిన యుద్ధం ఇక్కడ వర్ణించడం లేదు, గ్రంథవిస్తర భీతి చేత.

“పిల్లల వెంటఁ బెట్టుకొనుచు” అన్న చోట ఒక శంక. అసలు పిల్లల్ని తీసుకురావచ్చునా? మా ఊళ్లో నాటుకు పోయే ఆడవాళ్లు గట్టు మీది చెట్టుకు చీర కట్టి చంటిదాన్ని అందులో వేసి మడిలోకి దిగుతారు. పన్నెండేండ్లలోపు వారికి ప్రవేశమున్నదా అని వరిమడిని అడిగినవారు లేరు. గోల్ఫులో మాత్రం ఒక్కో క్లబ్బుకు ఒక్కో మాట. కొన్ని చోట్ల ఫలానా వయసు దాటితేనే, కొన్ని చోట్ల మధ్యాహ్నం తర్వాతనే, కొన్ని చోట్ల బంతులు కొట్టి నేర్చుకునే రేంజ్ వరకే. అడిగి పోవడం మంచిది.

పోయినందువల్ల ఫలమేమి అంటే, దృష్టాంతం ఉంది. హైదరాబాదు నుంచి అమెరికా పోయిన తీగల మురళీధర్, కరుణ దంపతుల కొడుకు సాహిత్ తీగల 1997లో కాలిఫోర్నియాలో పుట్టాడు. పసితనంలోనే చేతికి కర్ర వచ్చింది. 2023 సెప్టెంబరులో నాపాలో ఫార్టినెట్ చాంపియన్‌షిప్ గెలిచినప్పుడు మన తెలుగు పత్రికలు ఇంటిపేరుతో సహా రాసి మురిసిపోయాయి. ఇంకో తీరు పిల్లవాడు గోల్ఫు ఆటగాడు చౌరాసియా. ఆయన్ని ఎవరూ వెంటబెట్టుకు రాలేదు. తండ్రి రాయల్ కలకత్తా గోల్ఫ్ క్లబ్బులో గడ్డి సాకే పనివాడు, పిల్లవాడు ఆ గడ్డి పక్కనే పెరిగాడు. 2016లోనూ 2017లోనూ వరుసగా ఇండియన్ ఓపెన్ ఎత్తుకపోయాడు. తోలుకొచ్చిన పిల్లవాడికి బిస్కెట్లూ గొడుగూ ఉంటాయి, అక్కడే ఉన్న పిల్లవాడికి పని ఉంటుంది. “వెంటఁ బెట్టుకొనుచు” అన్నప్పుడు కవికి ఈ రెండోవాడు గుర్తుకు రాలేదు. మహాకవులకు కూడా ఇటువంటి మరుపు సహజం.

ఇక మూడో పాదం. పద్యానికి ప్రాణం ఇక్కడున్నది.

అల్లుడు కర్ర ఎత్తాడు, బంతి లేచింది, బాబిగాడు ఉరికాడు. బంతి ఆగిన చోటికి పోయి, దాన్ని రెండు చేతుల పట్టుకుని, “డాడీ, దొరికింది!” అంటూ తెచ్చి తండ్రి బూట్ల దగ్గర పెట్టాడు. ఆ ముఖంలో వెలుగు చూస్తే ఎవరికైనా మెచ్చుకోబుద్ధి పుడుతుంది. తరువాత బంతి మీది సొట్టలు తడిమి నన్నడిగాడు: “తాతా, దీనికి గూడ అమ్మవారు పోసిందా?” పోయిన ఎండాకాలం వాడికి పోసి తగ్గింది.

ఇప్పుడు న్యాయం చెప్పాలి. బంతిని ఎక్కడినుంచి కొట్టాలి? శిక్ష ఉన్నదా?

పూర్వపక్షం: పిల్లవాడు తండ్రివాడే, కనుక తప్పు తండ్రిది, శిక్ష తండ్రికి.

సిద్ధాంతం: కాదు. గోల్ఫు ధర్మశాస్త్రం ప్రకారం ఆటగాడూ, అతడి జోడీదారూ, ప్రత్యర్థీ, వాళ్ల క్యాడీలూ తప్ప తక్కిన మనుషులందరూ “బయటి ప్రభావం” కిందికి వస్తారు. కుక్క, కాకి, కొడుకు ఒకే వర్గం. ఆగి ఉన్న బంతిని బయటి ప్రభావం కదిలిస్తే శిక్ష లేదు, 9.6 నియమం ప్రకారం బంతిని మొదటి చోట పెట్టాలి. ఆ చోటు సరిగ్గా తెలియకపోతే అంచనా కట్టి పెట్టాలి. అల్లుడి అంచనా ఎప్పుడూ గుంతకు దగ్గరగానే ఉంటుందన్నది వేరే విషయం.

ప్రతిశంక: పిల్లవాడు ఆటంతా తండ్రి కర్ర ఒకటి మోస్తూ తిరిగితే?

అప్పుడు కథ మారింది. కర్రలు మోసి సాయపడేవాడు క్యాడీ. పేరు పెట్టి పిలిచినా పిలవకపోయినా క్యాడీయే. క్యాడీ ఆటలో ఉన్న బంతిని ఫెయిర్‌వే మీద ఎత్తితే అది ఆటగాడే ఎత్తినట్టు, 9.4 ప్రకారం ఒక దెబ్బ శిక్ష. మరచిపోయిన కర్రను మర్యాదకు తెచ్చిచ్చినంత మాత్రాన క్యాడీ కాడు. కాబట్టి కొడుకు చేతిలో కర్ర పెట్టి “మోయ్ బిడ్డా” అన్న తండ్రి, ఆ క్షణాన వాణ్ని కాకుల వర్గం నుంచి తప్పించి తన తప్పుల ఖాతాలో రాసుకున్నట్టు. ఇంత లోతైన కుటుంబ న్యాయం నేను స్మృతులలో కూడా చూడలేదు.

ఇంకా సూక్ష్మం. బంతి దొర్లుతుండగా పిల్లవాడి కాలికి అనుకోకుండా తగిలితే ఆగిన చోటినుంచే కొట్టాలి, ఇది 11.1. కావాలని ఆపితే, ఆపకపోయి ఉంటే ఎక్కడ ఆగేదో లెక్కగట్టి అక్కడినుంచి ఆట సాగించాలి, ఇది 11.2. ఆరేండ్లవాడు కావాలని ఆపాడా, కాలికి తగిలిందా? వాణ్ని అడిగితే “రెండూ” అన్నాడు.

పోగొట్టుకున్న బంతిని వెతకడానికి 2019 దాకా 5 నిమిషాలుండేవి, ఇప్పుడు 3 నిమిషాలే. పిల్లలతో వచ్చినవారికి ఈ సవరణ వర్తించరాదని నా మనవి. 3 నిమిషాల్లో మా బాబిగాడు ఒక తొండను, రెండు ఈకలను, వేరెవరిదో బంతిని దొరకబట్టాడు, తండ్రిది తప్ప.

ఇసుక బంకర్ల సంగతి మూలంలో లేదు. ఐనా చెబుతాను, కొల్చారం నియమాలు నాకు లేవు గనుక. పెద్దలకు బంకర్ శిక్ష, పిల్లలకు పిచ్చుకగూళ్ల జాగా. బంతి వచ్చి ఆగిన తరువాత పిల్లవాడు పక్కన గూడు కడితే దాన్ని చదునుచేసి ఇసుకను మునుపటిలా పెట్టుకునే హక్కు ఆటగాడికి ఉంది. బంతి రాకముందే కట్టి ఉంటే ఉన్నది ఉన్నట్టు కొట్టుకోవాల్సిందే. కూల్చిన తరువాత వచ్చే ఏడుపుకు నియమావళిలో ఉపశమనం చూపలేదు. దెబ్బకు ముందు కర్ర వెనక్కి లాగేటప్పుడు ఇసుకకు తగిలినా రెండు దెబ్బల శిక్ష. పైన చెప్పిన సాహిత్ తీగల 2024లో అట్లాంటాలో టూర్ చాంపియన్‌షిప్ ఆడుతూ, తన కర్రకు ఇసుక తగిలిందని తానే చెప్పుకుని ఆ శిక్ష నెత్తినేసుకున్నాడు. ఐనా మూడో స్థానంలో నిలిచాడు. ఆ వార్త చదివి వినిపిస్తుంటే బాబిగాడు రెండు పిడికిళ్ల ఇసుక నా జేబులో పోశాడు.

“ముందు” అనే పదంలో భయం కూడా ఉంది, నవ్వులాట కాదు. బంతి 45.93 గ్రాములకు మించరాదని నియమం. అంతే తూకం, కానీ తగిలితే తల పగులుతుంది. కర్ర వెనక్కి తిరిగేటప్పుడు వెనక నిలబడ్డవాడికి ఇంకా ప్రమాదం. పిల్లవాడు కొట్టేవాడికి ఎదురుగా, కంటికి కనబడేటట్టు, బాగా ఎడంగా నిలబడాలి. ఒక పెద్ద మనిషి చెయ్యి వాడి భుజం మీద ఉండాలి. ఆ పెద్ద మనిషి చేతిలో ఫోను ఉండరాదు. బంతి మనుషుల మీదికి పోతే “ఫోర్!” అని అరుస్తారు. అది వినంగనే తల చేతుల్లో దాచుకుని కిందికి వంగాలని శాస్త్రం. మన పిల్లలు క్రికెట్టు చూసి పెరిగినవాళ్లు. పక్క గుంపులోంచి “ఫోర్!” అని కేక రాగానే మా బాబిగాడు లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. అందుచేత తెలుగు పిల్లల్ని తోలుకపోయేవారు ఇంట్లోనే ఈ ఒక్క మాటకు వేరే అర్థం నేర్పి తీసుకపోవాలి. “తప్పుకోండ్రి” అని అరిచే ఏర్పాటుంటే ఈ తిప్పలుండవు.

గ్రీన్ మీద నిశ్శబ్దం పాటించాలి. బంతిని గుంతలోకి నెట్టేవాడు ఊపిరి బిగబట్టి ఉంటాడు, పక్కవాళ్లు నీడ కూడా పడకుండా జరుగుతారు. ఆ నిశ్శబ్దంలో మా పాప సకినం కొరికింది. సంక్రాంతివి, బాగా కాలినవి. ఆ కరకర నాలుగు దిక్కులా వినబడింది. అల్లుడి బంతి గుంత అంచున ఒక చుట్టు తిరిగి పక్కకు పోయింది. గుంత వ్యాసం 108 మిల్లీమీటర్లు, మా సకినం అంతకంటే కొంచెం పెద్దది. బత్తాయి తొనలు, నానబెట్టిన అటుకులు వంటి చప్పుడు లేని తిండి తీసుకపోవడం శ్రేయస్కరం.

18 గుంతలు ఆడితే 4 గంటలు దాటుతుంది. మూడేండ్లదానికి 4 గంటలంటే సగం జన్మ. పొద్దు వాలిన తరువాత మూడు నాలుగు గుంతలు చాలు, అదీ వెనకాల గుంపు లేనప్పుడు. ఉంటే పక్కకు జరిగి వాళ్లను ముందుకు పోనివ్వాలి. ఈ మాట అల్లుడికి చెప్పాను. “మామా, మీరు గోల్ఫు ఎప్పుడు నేర్చిన్రు?” అన్నాడు. నేర్వలేదు, పిల్లల్ని సాకిన.

నాలుగో పాదం. పద్దు చీటిని తేలికగా తీసుకోరాదు. 1968 మాస్టర్స్‌లో రాబర్టో డి విచెంజో 17వ గుంతను 3 దెబ్బల్లో ముగించాడు, తోటి ఆటగాడు చీటీలో 4 అని రాశాడు, ఈయన చూసుకోక సంతకం పెట్టాడు. ఎక్కువ రాసింది రాసినట్టే నిలుస్తుంది. ఆ ఒక్క దెబ్బతో తెల్లారి జరగవలసిన ప్లేఆఫ్ పోయింది. ఆడినదానికంటే తక్కువ రాసి సంతకం పెడితే ఇంకా ఘోరం, పోటీ నుంచే తీసేస్తారు.

ఇంత మహత్తు గల చీటీ మా పాప చేతికి చిక్కింది. చిన్న పెన్సిలు, వెనక రబ్బరు లేదు. ఏడో గుంత గడిలో గుండ్రటి బొమ్మ. సూర్యాపేట బిడ్డ గనుక సూర్యుణ్ని గీసిందని నేనన్నాను. అల్లుడు అది సున్న అన్నాడు. ఒక్క దెబ్బకు గుంతలో వేసినవాళ్లు లోకంలో చాలామంది ఉన్నారు, సున్న దెబ్బలకు వేసినవాడు మా అల్లుడొక్కడే.

వ్యాకరణం, ఛందస్సు

బాబిగాఁడు + ఉఱుకును = బాబిగాఁడుఱుకును, ఉత్వసంధి. బాబిగాడి చివర ఉకారం ఉరుకులో కలిసి మాయమైంది. వాడు కూడా అంతే. మూడో పాదంలో బం-బా, నాలుగో పాదంలో ప-బా యతి మైత్రి. ప్రాస ఆటవెలదికి అక్కరలేదు, గోల్ఫుకు పిల్లలు అక్కరలేనట్టే అని అల్లుడి పక్షం. అలంకారం స్వభావోక్తి. అతిశయోక్తి అన్నవాళ్లు ఒక ఆదివారం మా పిల్లల్ని తోలుకపోయి చూడవచ్చు, బండి కిరాయి నేనిస్తాను.

పాఠాంతరం

నాలుగో పాదానికి మా బిడ్డ వేరే పాఠం చెబుతున్నది: “పద్దు చీటి మీదఁ బాలచుక్క”. ఆ గుండ్రటిది సూర్యుడూ కాదు, సున్నా కాదు, పాప సీసాలోంచి పడ్డ పాల మరక అని ఆమె వాదం. చీటీని కిటికీ దగ్గర పట్టి చూపించింది కూడా. పాపను అడిగితే “చపాతీ” అన్నది. ఏ పాఠం తీసుకున్నా యతి చెడలేదు, గణం చెడలేదు, చీటీ ఒక్కటే చెడింది.