ఫాంటు తెచ్చినారా సార్?

బళ్ళారిలో మా తెలుగిళ్ళ పెళ్ళికార్డుకు రెండు లిపులు తప్పవు. 1953 అక్టోబరు 1న బళ్ళారి మైసూరు రాష్ట్రంలో కలిసింది; ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రలో ఉండిపోయాయి. సరిహద్దు గీత చూసి వియ్యమందే అలవాటు మాత్రం మాకు లేదు. అందుకే కార్డులో ఒకవైపు కన్నడం, ఒకవైపు తెలుగు.

మా మేనల్లుడి కార్డుకు తెలుగు పేజీ అనంతపురంలో కంపోజయింది. ఆ పేజ్‌మేకర్ ఫైలును పెన్‌డ్రైవ్‌లో వేసుకొని బ్రూస్‌పేటలో ఒక డీటీపీ షాపుకు పోయినాను. తెరిస్తే ఏముంది, టోపీలు పెట్టుకున్న ఇంగ్లీషు అక్షరాలు బారులు తీరి ఉన్నాయి. వధువు పేరుండాల్సిన చోట పౌండు గుర్తు. కట్నం తీసుకోలేదంటే ఇక ఎవరు నమ్ముతారు?

“ఫాంటు తెచ్చినారా సార్?” అన్నాడు కుర్రాడు.

“కార్డు అచ్చేయమంటే ఫాంటు తెమ్మంటావేంది నాయనా?”

“ఫైల్లో అక్షరాలుండవు సార్. ఫలానా ఫాంటు, ఫలానా నంబరు అని మాత్రం ఉంటుంది. ఆ ఫాంటు మా సిస్టంలో ఉంటేనే తెలుగు. వెర్షను వేరైతే వత్తులు ఎగిరిపోతాయి.”

ప్రతి అక్షరానికీ అన్నిచోట్లా ఒకే నంబరిచ్చే యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. పాత ఫాంట్లకు ఆ కబురు ఇంకా అందినట్టు లేదు.

ప్రోగ్రాములదీ ఇదే బతుకు. చాలావాటికి సొంత సరుకుండదు, అందరికీ ఉమ్మడిగా ఉన్న కోడు మూటలు, అంటే లైబ్రరీల మీదే కాపురం. పాత విండోస్‌లో కొత్త ప్రోగ్రాము వచ్చి ఉమ్మడి డీఎల్ఎల్ ఫైలు తీసేసి తన వెర్షను పెట్టేది. నిన్నటిదాకా నడిచినది ఈరోజు పడకేసేది. దానికి ‘డీఎల్ఎల్ నరకం’ అని పేరే పెట్టారు. లినక్స్‌కూ ఈ బాధ తప్పలేదు. అందుకే యాప్‌ఇమేజ్ లాంటివి వచ్చాయి: కావలసిన లైబ్రరీలు దాదాపు అన్నీ ఒకే ఫైల్లో మూటగట్టి ఉంటాయి. పెళ్ళికి పోతూ పొయ్యి, వంటమనిషి, ఉగ్గానికి బొరుగులు కూడా వెంటబెట్టుకుపోవడమన్నమాట. ఎవరి దయా అక్కర్లేదు, సామాను మాత్రం లారీడు.

మూటకు ఇంకో చిక్కుంది. 2014 ఏప్రిల్‌లో, నెట్‌లో మన రహస్యాలు కాపాడే ఓపెన్‌ఎస్ఎస్ఎల్ లైబ్రరీలో హార్ట్‌బ్లీడ్ అనే లోపం బయటపడింది. ఉమ్మడి కాపీనైతే ఒక్కచోట సరిచేసి, ప్రోగ్రాములను మళ్ళీ నడిపిస్తే సరిపోయింది. సొంత కాపీ దాచుకున్న ప్రతి ప్రోగ్రామునూ విడివిడిగా బాగుచేయాల్సిందే; అసలు ఏది దాచుకుందో ముందు తెలియాలి కదా!

కాబట్టి బ్యాంకు లావాదేవీలకు ఉమ్మడే నయం. పెళ్ళికార్డుకు మూటే మేలు. దానిలో భద్రతా లోపాలు వెతికేవారుండరు, వియ్యపురాలి పేరు ముందు ‘శ్రీమతి’ ఉందా అని వెతికేవాళ్ళే. ఫైళ్ళు పంపేవారికి మనవి: ఫాంట్లు కూడా మూటగట్టి పీడీఎఫ్ చేసి పంపండి. పంపేముందు ప్రాపర్టీస్‌లో ఫాంట్ల జాబితా తెరిచి, ప్రతి పేరు పక్కనా ‘ఎంబెడెడ్’ అని ఉందో లేదో చూసుకోండి.