కారెక్కిన సైకిలు

ఈ సంగతి మా ఇంట్లోవాళ్లకి కూడా పూర్తిగా చెప్పలేదు. మీకు చెప్పొచ్చు. గాలి దిగిపోయిన సైకిలొకటి మీ మెట్ల కిందా ఉండే ఉంటుంది.

1992లో విశాఖ ఉక్కును జాతికి అంకితం చేసేనాటికే నాన్న అక్కడ షిఫ్టులు చేస్తున్నారు. ఏ అయినా, బీ అయినా, సీ అయినా సైకిలే. హ్యాండిల్‌కి క్యారేజీ, వెనక హెల్మెట్. నేనూ అక్కడే వైర్ రాడ్ మిల్లులో చేరాను. సైకిలు స్పోకులు చేసేది వైర్ రాడ్‌ని సన్నగా లాగే. అది తెలిసినవాణ్ణే, ప్రమోషన్ రాగానే నాన్న సైకిలుని పాతసామాన్లకి వేసేసి కారు కొన్నాను. ఉక్కునగరంలో మా క్వార్టర్ నుంచి మార్కెట్‌కి కిలోమీటరు కూడా లేదు. పాలప్యాకెట్‌కీ కారే, కొత్తిమీర కట్టకీ కారే. సైకిలు మీద కనిపిస్తే నలుగురూ ఏమనుకుంటారో అని బెంగ. ఆ నలుగురి కోసం మనం చెయ్యని పని ఉందా చెప్పండి!

తరవాత షుగరొచ్చింది. డాక్టరు సైకిలు తొక్కమన్నాడు. ఇరవయ్యొక్క గేర్లది కొన్నాను. చెట్ల నీడన ఇంత వెడల్పు రోడ్లు పెట్టుకుని, ఉక్కునగరంలో తొక్కానా? లేదు. పొద్దున్నే వాహనాలు ఆపేస్తారని ప్రతి ఆదివారం విశాఖ ఆర్కే బీచ్‌కి బయల్దేరేవాణ్ణి, సైకిలుని కారు వెనక కట్టుకుని. పోను పాతిక కిలోమీటర్లు, రాను పాతిక. తొక్కేది మూడు.

ఐదో ఆదివారం ఇంకా చీకటే. కూర్మన్నపాలెం గేటు దగ్గర తాడు వదిలింది, సైకిలు దభీమని పడింది, వెనకొస్తున్న ఆటో కీచుమని ఆగింది, నేను బ్రేకేసి పరిగెత్తాను, చైను ఊడి చక్రం గిర్రున తిరుగుతోంది. పొద్దుటి ఏ షిఫ్టుకి వెళ్తున్న పెద్దాయన తన పాత సైకిలుకి స్టాండు వేసి, చిటికెలో చైనెక్కించి, ఆ గ్రీజు చేతులు గడ్డికి తుడుచుకున్నాడు.

"ఎక్కడికి బాబూ?"

"బీచ్‌కి. సైకిలు తొక్కడానికి."

కారు చూశాడు, సైకిలు చూశాడు. "ఇక్కడ తొక్కడానికి అవదా బాబూ?" అన్నాడు. వెటకారం లేదు, నిజంగానే అడిగాడు. షిఫ్టు టైమవుతోందని జవాబుకి ఆగకుండా వెళ్లిపోయాడు. ఆయన సైకిలుకి వెనక లైటు లేదు. పది గజాలు దాటాక మనిషే కనపడలేదు. ఇన్నాళ్లూ ఆ చీకట్లో, ఆ రోడ్డు మీద, నేను హారన్ కొట్టుకుంటూ వెళ్లాను.

కారు వెనక్కి తిప్పాను. ఇప్పుడు పాలకీ, కూరలకీ, డ్యూటీకీ సైకిలే.

తెల్లారకముందు కూర్మన్నపాలెం గేటు దారిన వచ్చేవాళ్లు కాస్త నెమ్మదిగా రండి. ఏ షిఫ్టువాళ్లు ఎడమ పక్కన సైకిళ్ల మీద వెళ్తుంటారు.