తానీషా కీర్తనలేవీ?

పాట పుట్టాలంటే ముందు బాధ పుట్టాలట. మైకు దొరికిన ప్రతివాడూ ఈ మధ్య ఇదే అంటున్నాడు. ఖమ్మం నుంచి భద్రాచలం దాకా ఏ సంగీత సభ పెట్టినా, ముఖ్య అతిథి గొంతు సవరించుకున్న రెండో నిమిషానికి గోల్కొండ బందీఖానా తలుపు తీస్తాడు. "ఆ చెరే లేకుంటే రామదాసు కీర్తనలు మనకు దక్కేవా?" అని కళ్ళు మూసుకుని మరీ అడుగుతాడు. సభ చప్పట్లు కొడుతుంది. నిర్వాహకుడు శాలువా విప్పుతాడు. పక్కవాయిద్యాల వాళ్ళు తమ దారిఖర్చులు ఎవరిస్తారా అని అటూ ఇటూ చూస్తుంటారు.

ఈ లెక్కన దండ వెయ్యాల్సింది రామదాసుకు కాదు, ఆయన్ను చెరలో పెట్టిన గోల్కొండ సుల్తాను తానీషాకు. కీర్తనలు పుట్టించిన మహానుభావుడు ఆయనే గదా! రాజపోషకుల జాబితాలో ఆయన పేరు ఇన్నాళ్ళూ రాయకపోవడం మన కృతఘ్నత. అంతేకాదు, సంగీత కళాశాలలు నడపడం కూడా శుద్ధ దండగ. ప్రతి జిల్లా జైల్లో రెండు బ్యారక్‌లు కళాకారులకు కేటాయిస్తే సరిపోతుంది. సరళీ స్వరాలకు సాధారణ శిక్ష, వర్ణాలకు కఠిన శిక్ష, కృతుల దాకా వచ్చినవాళ్ళకు ఏకాంత ఖైదు. రాగం తానం పల్లవి పాడాలనుకునే మొండివాళ్ళకు యావజ్జీవం. గురుదక్షిణ హెడ్ వార్డరుకు ఇచ్చుకోవచ్చు.

నవ్వులాట పక్కన పెట్టి ఒక్క ప్రశ్న అడుగుదాం. గోల్కొండ కోటలో ఆ రోజుల్లో ఖైదీ మన రామదాసు ఒక్కడేనా? శిస్తు కట్టలేనివాళ్ళు, కట్టినా రసీదు లేనివాళ్ళు, ఎవడి మీదో కోపానికి లోపల పడ్డవాళ్ళు ఎంతమంది ఉండి ఉంటారు? వాళ్ళంతా ఏ రాగంలో ఏడ్చారు? ఏ తాళానికి దెబ్బలు తిన్నారు? వాళ్ళ సంకీర్తనల పుస్తకం ఏ దుకాణంలోనూ దొరకదేం?

అంత దూరం కూడా వద్దు, తానీషానే తీసుకుందాం. 1672లో గద్దెనెక్కిన అబుల్ హసన్ తానీషా, 1687లో గోల్కొండ కూలిపోగానే ఔరంగజేబు చేతికి చిక్కాడు. ఆయన్ను దౌలతాబాద్ కోటలో పెట్టారు. దాదాపు పన్నెండేళ్ళు అక్కడే ఉండి, అక్కడే కన్నుమూశాడు. రామదాసు చెర పన్నెండేళ్ళని మనం చెప్పుకుంటాం. అంటే ఇద్దరికీ ఇంచుమించు ఒకటే శిక్ష. పైగా తానీషాకు రాజ్యం పోయిన బాధ, రామదాసుకు తహసీల్దారీ పోయిన బాధకంటే తక్కువేం కాదు. మరి తానీషా కీర్తనలేవీ? ఇంతవరకు ఏ వక్తా సమాధానం చెప్పలేదు.

అసలు రామదాసు ఏమన్నాడో కొంచెం చూద్దాం. ఆయన అసలు పేరు కంచర్ల గోపన్న. నేలకొండపల్లిలో పుట్టి, గోల్కొండ కొలువులోని అక్కన్న మాదన్నల మేనల్లుడిగా, పాల్వంచ పరగణా తహసీల్దారుగా కుదురుగా బతికినవాడు. కళ్ళెదుట భద్రాచలం గుడి లేస్తుంటే పొంగిపోయినవాడు. భద్రగిరి వైభవాన్ని నోరారా పొగిడిన కీర్తనలు ఆయనవి ఎన్ని లేవు? నూరు పద్యాలకు పైగా దాశరథీ శతకం లేదూ? బాధ సిద్ధాంతం వీటిని ముట్టుకోదు. సంతోషంగా రాసినది వీళ్ళకు పనికిరాదు.

పోనీ చెరలోవే చూద్దాం. ఒక కీర్తనలో రామయ్యకు, సీతమ్మకు, లక్ష్మణుడికి చేయించిన నగల చిట్టా విప్పుతాడు. దేనికెన్ని వరహాలయ్యాయో వరసగా చెప్పి, ఎవడబ్బ సొమ్మని కులుకుతున్నావని నిలదీస్తాడు. దాన్ని మనం వేదాంతమంటున్నాం గానీ, అది బిల్లు. అచ్చమైన తహసీల్దారు వేసిన పద్దు. ఇంకో కీర్తనలో సీతమ్మను పట్టుకుని, వీలు చూసి ఆయన చెవిన నా మాట వెయ్యమ్మా అంటాడు. అది సిఫారసు. కోపమాగక రాముణ్ణి తిట్టి, మళ్ళీ దెబ్బలకు తాళలేక నోరు జారానని లెంపలేసుకుంటాడు. వీటన్నిటి సారాంశం ఒక్కటే: "నన్ను బయటికి తియ్యి." పన్నెండేళ్ళపాటు ఒక మనిషి బయటికి తియ్యమని మొత్తుకుంటే, మూడు వందల ఏళ్ళుగా మనం "ఆహా, ఎంత బాగా మొత్తుకున్నాడు! ఇంకో రెండేళ్ళు ఉంచితే ఇంకో వంద కీర్తనలు వచ్చేవి గదా" అని లొట్టలేస్తున్నాం.

బతికుండగా చెర. పోయాక నేలకొండపల్లిలో ధ్యానమందిరం, ఖమ్మంలో కళాక్షేత్రం, సికింద్రాబాదులో ఆయన పేర సంగీత నృత్య కళాశాల, చివరికి 2017లో పాలేరు నీళ్ళతో ఒక ఎత్తిపోతల పథకం. చచ్చినవాడి కళ్ళు చారెడు అని పెద్దలు ఊరికే అనలేదు.

తెరమీద రామదాసైన చిత్తూరు నాగయ్య సంగతీ ఇంతే. పోతన, త్యాగయ్య, వేమన వేషాలు వేసి తెలుగువాళ్ళను ఏడిపించారు. స్వయంగా దర్శకత్వం వహించిన రామదాసు సినిమా ఏళ్ళ తరబడి సాగి 1964లో విడుదలైంది. నలుగురి కష్టాలు తెరమీద నటించిన ఆ మహా గాయకుడు, ఐదోవాడి కష్టాలు సొంతంగా పడ్డారు. చేతిలో డబ్బులేక చితికిపోయి 1973లో పోయారు. బాధ వల్ల పాట పండేట్టయితే, ఆ చివరి రోజుల్లో ఆయన గొంతు నుంచి ఎన్ని ఆణిముత్యాలు రాలి ఉండాలి? రాలలేదు. పెద్ద అవకాశాలే రాలేదు.

మనవాళ్ళ మాట నమ్మకపోతే పరదేశం పోదాం. జర్మనీలో షూమన్ అని ఒక స్వరకర్త ఉండేవాడు. ప్రేమించిన క్లారాను పెళ్ళాడిన 1840లో, ఆ ఒక్క ఏడాదే నూటికి పైగా పాటలు కట్టాడు. 1844లో డిప్రెషన్ కమ్ముకున్నప్పుడు కలం దాదాపు ఆగిపోయింది. చివరికి 1856లో మానసిక చికిత్సాలయంలోనే పోయాడు. పిచ్చి వల్ల గొప్పవాడయ్యాడని ఆయన్ను ఉదాహరణ చూపించేవాళ్ళు 1840, 1844ల లెక్క మాత్రం చూపించరు. బ్రిటన్‌లో 2016లో రెండు వేల రెండు వందల మందికి పైగా సంగీతకారులను అడిగితే, 71 శాతం మంది తీవ్ర ఆందోళనతోనో పానిక్ అటాక్‌లతోనో బాధపడ్డామన్నారు. 68.5 శాతం మంది డిప్రెషన్ చూశామన్నారు. కారణమేమిటంటే సంగీతం కాదట. సంగీతం మందేనట. నిలకడలేని సంపాదన, రేపు పని ఉంటుందో లేదో తెలియని బతుకు, అర్ధరాత్రి కొలువులు, ఇవీ జబ్బు తెచ్చేవి. ఈ మాట మన బ్యాండు మేళంవాణ్ణి అడిగితే సర్వే ఖర్చు లేకుండానే చెప్పేవాడు. మూఢం వస్తే మూడు నెలలు పొయ్యిలో పిల్లి లేవదు. ముహూర్తాలొస్తే వారం రోజులు కంటిమీద కునుకుండదు. చాలాచోట్ల సగం కూలి డబ్బు, సగం కూలి సీసా. ఇదీ మన సృజనాత్మక ప్రక్రియ.

బాధ సిద్ధాంతానికి సరైన పరీక్ష 2020లోనే జరిగిపోయింది. కరోనా వల్ల ఆ ఏప్రిల్‌లో భద్రాద్రి రాముడి కల్యాణమే భక్తులు లేకుండా జరిగింది. నవమి పందిళ్ళు లేవు, పెళ్ళిళ్ళు వాయిదా, జాతర్లు రద్దు. వక్తలు చెప్పేదే నిజమైతే ఆ కరోనా కాలం తెలుగు సంగీతానికి స్వర్ణయుగం కావాలి. వాయిద్యాలు అటకెక్కాయి, వాయించేవాళ్ళు కూలికి పోయారు. స్వర్ణయుగమంటే అదేనేమో, బంగారం తాకట్టు పెట్టిన యుగం.

ఇంకో తమాషా ఉంది. ఈ సిద్ధాంతం అందరికీ వర్తించదు. పెద్ద సినిమా సంగీత దర్శకుడికి ట్యూన్ రావాలంటే గోవా గాలి తగలాలి. అదీ చాలకపోతే బ్యాంకాక్ హోటలు. దాన్ని మ్యూజిక్ సిట్టింగ్స్ అంటారు. "మీకు బాధ తక్కువైందండీ, నాలుగు రోజులు పస్తుండి చూడండి" అని ఏ నిర్మాతా ఆయనతో అనడు. అదే మణుగూరు అడవిలో డోలి కొట్టేవాడి దగ్గరికొచ్చేసరికి, ఆకలే ఆయనకు సరస్వతీదేవి. కడుపు నిండితే గొంతులో మట్టివాసన పోతుందని బెంగ. ఉన్నవాడి పాటకు హాయి ఎరువు, లేనివాడి పాటకు లేమి ఎరువు. ఎరువు ధర ఎవడు కడతాడన్నదే ఇక్కడ అసలు తేడా.

మణుగూరు మండలం కూనవరం మనిషి సకిని రామచంద్రయ్య. కంచుమేళం, కంచుతాళం మధ్య సమ్మక్క సారలమ్మల కథను కోయభాషలోనూ తెలుగులోనూ గంటల తరబడి పాడగలిగిన డోలి కోయ గాయకుడు. బడికి పోకుండానే ఒక జాతి చరిత్రను తలకాయలో మోసినవాడు. 2022లో పద్మశ్రీ వచ్చింది. అప్పుడు మన పత్రికలకు ఆయన ఇల్లు కనిపించింది. 2024 జూన్‌లో ఆయన పోయాడు. ఆయనతోపాటే 2022లో పద్మశ్రీ వచ్చిన కిన్నెర మొగులయ్య, భీమ్లా నాయక్ సినిమా పాటతో లోకమంతా తెలిసినవాడు, 2024 మే నెలలో కట్టడం పనిలో కూలీగా ఫొటోల్లో కనిపించాడు. 2022లో ప్రకటించిన 600 గజాల స్థలం కాగితాలు ఆ తర్వాత చేతికొచ్చాయి. పద్మశ్రీ ఛాతీ మీద ఉంది, తట్ట నెత్తిన ఉంది. మట్టి మనుషుల కళ అంటే మన ఏలికలకు ఇంత అక్షరాలా అర్థమైందని ఎవరనుకున్నారు?

అసలు ఆ అడవిలో పాట ఎలా పుడుతుందో చూసినవాడు బాధ సిద్ధాంతం మాట్లాడడు. కోయల రేలా ఆటలో ఒకరి భుజం ఒకరు పట్టుకుని నిలబడతారు. ఒకరు అందుకుంటారు, పదిమంది పలుకుతారు. డోలి కోయ ఒక్కో గట్టు, అంటే ఒక్కో గోత్రం, పుట్టుపూర్వోత్తరాలు పాడేటప్పుడు ఆ గట్టువాళ్ళంతా చుట్టూ కూర్చుంటారు. తప్పు పాడితే దిద్దే పెద్దమనిషి పక్కనే ఉంటాడు. చీకటి గదిలో తలుపేసుకుని, జుట్టు పీక్కుని, లోకం తనను అర్థం చేసుకోలేదని కుమిలే కళాకారుడు అక్కడివాళ్ళకు తెలియదు. అలాంటివాడు కనిపిస్తే పాట కట్టమని అడగరు, అన్నం తిన్నావా అని అడుగుతారు.

ఇప్పుడు పట్నం నుంచి కొత్త బాపతు వస్తోంది. వీళ్ళు బాధ వద్దంటారు, మనశ్శాంతి కావాలంటారు. వినడానికి బాగానే ఉంది. సంగీతకారులను అడవిలోకి తీసుకొచ్చి, కిన్నెరసాని వాగు ఒడ్డున చాపలేసి, ఊపిరి పీల్చమంటారు, వదలమంటారు, అందుకు రుసుము పుచ్చుకుంటారు. మూడు రోజులు ఫోను ముట్టకూడదట. దాన్ని డిజిటల్ ఉపవాసం అంటారు. సిగ్నల్ లేక చెట్టెక్కి ఫోను మాట్లాడే గూడేలకొచ్చి డిజిటల్ ఉపవాసం చెయ్యడం, ఏకాదశినాడు అన్నం లేనివాడి ఇంటికెళ్ళి పుణ్యం సంపాదించడమే. గోదావరి గలగలలో ప్రశాంతత ఉందని కూడా చెబుతారు. 2022 జూలైలో ఆ గోదావరి భద్రాచలం దగ్గర 71.3 అడుగులకు లేచింది. ఆ వారం ఒడ్డున చాపలు పరిచినవాళ్ళు ఒక్కరూ కనిపించలేదు. రాత్రంతా మేలుకుని డోళ్ళు, గింజలు, పిల్లలను గట్టు మీదికి మోసుకున్నవాళ్ళకు ఊపిరి ఎలా పీల్చాలో ఎవరూ నేర్పలేదు.

బాధే బలమనేవాళ్ళకూ, ఊపిరే మందనేవాళ్ళకూ ఒక చోట రాజీ కుదిరింది. కళాకారుడికి డబ్బులివ్వాల్సిన పనిలేదు. ఒకడు నీ లేమిలోనే గొప్పతనముందని చెప్పి ఎగ్గొడతాడు, ఇంకొకడు నీ మనసులోనే శాంతి ఉందని చెప్పి ఎగ్గొడతాడు. మధ్యలో నిజంగా నిద్రపట్టని గాయకుడు, చెయ్యి వణికే మద్దెలగాడు, పాడను పొమ్మని గోడవైపు తిరిగి పడుకున్న పిల్ల ఉంటారు. వాళ్ళకు ఊళ్ళో దొరికే వైద్యం మూడు రకాలు: గాలి సోకిందని తాయెత్తు, తాగితే పోతుందని సీసా, ఏమీ కాకపోతే "హైదరాబాదు ఎర్రగడ్డ పిచ్చాసుపత్రికి పంపాలి" అని ఒక నవ్వు.

ఆ నవ్వుకు కాలం చెల్లింది. జబ్బు మనసుదైనా ఒంటిదైనా బీమాలో తేడా చూపకూడదని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. కొత్తగూడెంలో 2022లో, ఖమ్మంలో 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. మానసిక వైద్యమంటే హైదరాబాదు దాకా ప్రయాణమే అనుకోనక్కర్లేదు. మానసిక ఆరోగ్య సహాయానికి ప్రభుత్వం నడిపే టెలీ మానస్ ఫోను నంబరు 14416, తెలుగులోనే మాట్లాడతారు, పైసా ఖర్చు లేదు. ఆ నంబరు ప్రతి కరపత్రం కింద, దాతల పేర్లంత పెద్ద అక్షరాల్లో అచ్చు వేయించండి. దాతలేమీ అనుకోరు.

బాధలో కూడా పాడగలిగాడంటే ఆ గొప్ప పాడినవాడిది. బాధది కాదు, బాధ పెట్టినవాడిది అసలే కాదు. కాబట్టి సభలు పెట్టే పెద్దలకు నాదొకటే మనవి. డోలి కొట్టేవాడికీ, హార్మోనీ పట్టేవాడికీ ఒప్పుకున్న సొమ్ము మెట్లెక్కక ముందే ఇచ్చెయ్యండి, వేళకు అన్నం పెట్టండి, రాత్రికి పడుకోవడానికి చోటు చూపించండి. ఇవన్నీ అయ్యాక ఇంకా డబ్బులు మిగిలితే శాలువా కప్పండి.