మూరెడు గుడ్డ

మా అమ్మ చీరలు పదకొండింటిని స్టీలు సామాన్లకు వేశాను. ఒక పెద్ద బేసిను, రెండు మూత డబ్బాలు వచ్చాయి. అది 2017 వేసవి. అమ్మ పోయి అప్పటికి ఏడాది. ఈ సంగతి చాలాకాలం ఎవరికీ చెప్పలేదు, మా వారికి కూడా. ఇవ్వడం ఒక తెలివితక్కువ పని అయితే, దాన్ని కప్పిపుచ్చడానికి నేను చేసింది అంతకు మించిన తెలివితక్కువ పని. అది ఒక స్వెట్‌షర్ట్ మీద మూడక్షరాలు కుట్టడంలో బయటపడింది. అందుకే ఆ కుట్టుపని సంగతి మొదటి నుంచీ చెప్పాలి.

సామాన్ల ఆమె తప్పు ఇందులో ఏమీ లేదు. వసారాలో కూర్చుని ఒక్కో చీర విప్పి, వెలుతురుకు ఎత్తిపట్టి చూసింది. "పట్టుచీర ఏమన్నా ఉంటే ఇవ్వమ్మా, నూలు చీరలకు ఏమొస్తయ్యి" అంది. ఎర్రటి బందరు అద్దకం చీర, నిజాం అంచున్న ఆకుపచ్చ మంగళగిరి చీర, నీలం చీరాల చీర, అన్నీ ఉతికి ఉతికి మెత్తబడినవే. చేత్తో పట్టుకుంటే బరువే తెలిసేది కాదు. ఇలాంటి నూలు గుడ్డలు చివరికి మెకానిక్ షెడ్లలో నూనె చేతులు తుడుచుకోవడానికి పోతాయని నాకు తెలుసు. తెలిసే ఇచ్చాను. బీరువాలో ఒక అర ఖాళీ అయిందని ఆ పూట సంతోషపడ్డాను కూడా.

అంత తేలిగ్గా చేతులెలా వచ్చాయని ఇప్పుడు ఆలోచిస్తే 1979 గుర్తొస్తుంది. ఇంటర్ చదవడానికి గుంటూరులో హాస్టల్లో చేరాను. అమ్మ నాకోసం ఒక బొంత కుట్టింది. మూడు పాత చీరలు వసారాలో ఒకదాని మీద ఒకటి పరిచి, నాలుగు మూలలా ఇటుకలు పెట్టి, ముడత లేకుండా అరచేత్తో నిమిరి, పెద్ద సూదితో వరసలు వరసలుగా కుట్టుకుంటూ పోయింది. చిరుగున్న చోటల్లా ఇంకో చీర ముక్క, నాన్న పంచె ముక్క వేసి అతికింది. వారం రోజుల మధ్యాహ్నాలు దానికే సరిపోయాయి. హాస్టల్లో పక్కమంచం అమ్మాయి దాన్ని చూసి "ఏంటే ఈ అతుకుల బొంత" అంది. మన భాషలో ఆ మాటను పొందిక లేని ప్రతిదానికీ వాడేస్తాం, ఆ అమ్మాయీ అలాగే అంది. నాకు మాత్రం ముఖం చెల్లలేదు. ఆ రాత్రే బొంతను చుట్టి మంచం కిందకు తోశాను. నెల తిరక్కముందే మిల్లు దుప్పటి కొనుక్కున్నాను. చదువు అయిపోయి ఇంటికొచ్చేటప్పుడు బొంతను అక్కడే వదిలేశాను. అమ్మ అడిగితే పోయిందన్నాను. అమ్మ ఇంకేమీ అడగలేదు.

2023 దసరా రోజుల్లో డల్లాస్ నుంచి మా అమ్మాయి ఫోన్ చేసింది. అమెరికాలో బట్టల మీద అక్షరం కుట్టించుకోవడం పాత అలవాటు. 1865లో హార్వర్డ్ బేస్‌బాల్ జట్టు వాళ్లు చొక్కాల మీద 'హెచ్' అక్షరం పెట్టుకోవడంతో అది మొదలైందని చెబుతారు. తర్వాత అది బాగా ఆడినవాళ్లకు కాలేజీ ఇచ్చే గౌరవం అయింది. ఇప్పుడు తల్లులు దాన్ని ఇంకో దారి పట్టించారు. పిల్లలకు పొట్టి అయిపోయిన బట్టలు దాచి, ఆ ముక్కలు కలిపి కుట్టి, అక్కడ అమ్మను పిలిచే 'మామా' అన్న మాటకు అక్షరాలు కత్తిరించి స్వెట్‌షర్ట్ మీద కుట్టుకుంటున్నారు. అమ్మాయి అదంతా చెప్పి, "అమ్మా, నాకు అమ్మమ్మ చీరలతో 'అమ్మమ్మ' అని తెలుగులో కుట్టి పంపవా? చీరలు నీ బీరువాలోనే ఉన్నాయిగా" అని అడిగింది.

"ఆఁ" అన్నాను.

లేవమ్మా, ఇచ్చేశాను అని అప్పుడే చెప్పి ఉంటే ఒక రోజు బాధతో పోయేది. ఆ మాట నోటి దాకా వచ్చి ఆగిపోయింది. అమ్మకు బొంత పోయిందని చెప్పిన నోరే ఇదీనూ.

వారంలో డల్లాస్ నుంచి వచ్చినవాళ్ల చేత బూడిద రంగు స్వెట్‌షర్ట్ పంపింది. వాళ్లు పది రోజుల్లో తిరిగి వెళ్తారు. నేను పట్నం బజారుకు వెళ్లి అమ్మ చీరల్ని పోలిన గుడ్డలు వెతికాను. ఆకుపచ్చ మంగళగిరి నూలు దొరికింది. నీలం దొరికింది. ఎర్రటి అద్దకం దగ్గర కొట్టతను రెండు తానులు పరిచాడు. ఒకటి పెడన అద్దకం. రెండోది అదే పువ్వు, అదే తీగ, మిషను మీద అచ్చు వేసింది, ధర సగం కూడా లేదు. పెడనలో గుడ్డను కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెడతారు. చెక్క అచ్చుతో పటిక అద్దుతారు. తర్వాత రంగులో ఉడికించినప్పుడు పటిక పడ్డ చోటే ఎరుపు పట్టుకుంటుంది. ఆ ఎరుపు పోగు లోపలికి దిగుతుంది. అచ్చు వేసిన చౌక గుడ్డకు ఆ బలం ఉండదు. ఇవన్నీ నాకు కొత్త కాదు, ఆ పక్క ఊళ్లోనే పుట్టినదాన్ని. అయినా చౌకది కొన్నాను. అక్షరంలో వేలెడు ముక్క పడేదానికి ఎవరు చూస్తారులే అనుకున్నాను. ఇంటికి తెచ్చి ఒకసారి ఉతకను కూడా లేదు. ఉతికితే రంగు వెలిసి, ఫొటోలో అమ్మ కట్టుకున్న ఎరుపులా కనపడదేమోనని భయం.

నలభై ఏళ్లుగా కాలిమిషను తొక్కుతున్న చేయి నాది. జాకెట్లు, లంగాలు, గౌన్లు లెక్కలేనన్ని కుట్టాను. అక్షరాలు మాత్రం ఎప్పుడూ కుట్టలేదు. మూడు రంగుల గుడ్డల్ని రెండంగుళాల పట్టీలుగా కత్తిరించి, పావు అంగుళం కుట్టు వదిలి వరసగా కలిపాను. వెనక కుట్టు అంచుల్ని రెండు వైపులకూ తెరిచి ఇస్త్రీ చేశాను. వెనక జిగురు కాగితం వేయాలి. దానికి ఒకవైపు కాగితం, రెండోవైపు వేడికి కరిగే జిగురు పొర. కాగితం మీద అక్షరం గీసి, గుడ్డ వెనక ఇస్త్రీతో అంటించి, గీత వెంబడి కత్తిరించి, కాగితం ఒలిచి, స్వెట్‌షర్ట్ మీద పెట్టి మళ్లీ ఇస్త్రీ చేస్తే అంటుకుంటుంది. ఆ తర్వాత అంచు చుట్టూ కుట్టు.

ముందు పాత దిండు గలీబు మీద ఇంగ్లీషులో 'ఏ', 'ఎమ్' వేసి చూశాను. రెండూ చక్కగా వచ్చాయి. పని పట్టుబడిందనుకున్నాను. ఆ రెండక్షరాలూ అద్దంలో చూసినా ఒకేలా ఉంటాయన్న సంగతి నాకు తట్టలేదు. అమ్మమ్మ అన్న మాటను ఇంగ్లీషులో రాస్తే అందులో ఉండేవి ఆ రెండే.

తరువాత తెలుగు అక్షరాలు గీశాను. 'అ' పెద్దదిగా, జానెడు ఎత్తున. కత్తిరించడానికే గంట పట్టింది. మన అక్షరాలకు మూలలుండవు, అన్నీ వంపులే, కత్తెరను కాక గుడ్డను తిప్పుకుంటూ కత్తిరించాలి. 'మ' కడుపులో గుండ్రటి చిల్లు తీయడానికి గోళ్ల కత్తెర తెచ్చుకున్నాను. మూడక్షరాలూ తయారయ్యాక కాగితం ఒలిచి, 'అ' తీసి స్వెట్‌షర్ట్ మీద పెట్టాను. ఏదో తేడాగా కనిపించింది. కుడికి తిరగాల్సిన వంపు ఎడమకు తిరిగి ఉంది. 'మ' తీసి పెట్టాను. తలకట్టు ఎడమవైపుకు లేచి ఉంది. ఆరేళ్ల వయసులో పలక మీద దిద్దిన అక్షరాలు, పరాయి లిపిలా నా వంక చూస్తున్నాయి. కాగితం గుడ్డ వెనకవైపు ఉంటుంది కాబట్టి అక్షరాన్ని తిరగేసి గీసుకోవాలి. ఈ చిన్న సంగతికి మూడక్షరాలూ పాడయ్యాయి. తెల్లకాగితం మీద మళ్లీ రాసి, దాన్ని తిరగేసి కిటికీ అద్దానికి ఆనించి, వెలుతురులో గీసుకుని, మొదటి నుంచి కుట్టాను. అది హెచ్చరిక అని అప్పుడు అనుకోలేదు.

మా కాలిమిషనుకు తిన్నటి కుట్టే వస్తుంది. అంచుకు అటూ ఇటూ పడే జిగ్‌జాగ్ కుట్టు కావాలి. అందుకని వీధి చివర పీకో ఫాల్ కుట్టే అమ్మాయి దగ్గరికి వెళ్లాను. స్వెట్‌షర్ట్ లాగి చూసి "ఆంటీ, ఇది బనీను గుడ్డలాగా సాగుద్ది. కింద కాగితం పెట్టకపోతే అలలు అలలుగా వస్తది" అంది. తెల్లకాగితం లోపల పెట్టి, మొన గుండ్రంగా ఉన్న సూది మార్చింది. వాడి సూది అయితే అల్లిక పోగుల్ని తెంపి చిల్లులు పెడుతుందట. వంపు వచ్చిన ప్రతిచోటా సూదిని గుడ్డలోనే దింపి ఉంచి, పాదం ఎత్తి, కొంచెం తిప్పి, మళ్లీ కుట్టింది. బయటి వంపులో సూది అక్షరం బయట దిగాలి, లోపలి వంపులో అక్షరం మీద దిగాలి. ఎక్కడా హడావిడి పడలేదు. అయ్యాక కాగితం చింపేసి నా చేతిలో పెట్టి, "ఎవరి చీరలు ఆంటీ ఇవి?" అంది. "మా అమ్మవి" అన్నాను. ముక్కుమొహం తెలియని పిల్ల దగ్గర కూడా నిజం చెప్పలేకపోయాను.

స్వెట్‌షర్ట్ డల్లాస్ చేరింది. అమ్మాయి వేసుకుని ఫొటో పంపింది. ఆ రోజంతా ఏడుపు వచ్చిందని, ఎర్ర ముక్క మీద చెంప ఆనించుకున్నానని రాసింది. ఆ మాట చదివి నేను ఫోన్ పక్కన పెట్టేశాను.

రెండు వారాల తర్వాత వీడియో కాల్ చేసింది. స్వెట్‌షర్ట్ తెరముందు పట్టుకుంది. మొదటి ఉతుకులోనే ఎరుపు బూడిద రంగు మీదికి పాకింది. కొత్త గుడ్డ కుంచించుకుపోయి అక్షరాల చుట్టూ ముడతలు లేచాయి. అమ్మాయి కోపంగా లేదు. అర్థంకాక అడిగింది. "అమ్మా, ముప్పై ఏళ్లు ఉతికిన చీర రంగు ఇప్పుడెలా వదిలింది?"

దానికి నా దగ్గర జవాబు లేదు. ముప్పై ఏళ్లు ఉతికిన చీర రంగు వదలదు. వదలాల్సింది ఎప్పుడో వదిలేసి ఉంటుంది, కుంచించుకోవాల్సింది ఎప్పుడో కుంచించుకుని ఉంటుంది. బొంతకు అమ్మ పాత చీరలే ఎందుకు తీసేదో ఆ క్షణంలో తెలిసింది. లేమికి అలా చేసేదనుకుంటూ ఇన్నేళ్లు బతికాను. అమ్మ తెలిసి ఎంచుకున్న గుడ్డ అది. పాత నూలు ఒంటికి గుచ్చుకోదు, మరక వేయదు, ముడత పడదు. అతుకులకు అంతకంటే మంచి గుడ్డ లేదు.

అప్పుడు అన్నీ చెప్పాను. స్టీలు బేసిను నుంచి హాస్టల్ మంచం కింద బొంత దాకా. అమ్మాయి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఉండు" అని లోపలికి వెళ్లి, మడత పెట్టిన గుడ్డ ఒకటి తెచ్చింది. లేత గోధుమ రంగు, అంచు చుట్టూ చేతికుట్టు. నేను వెంటనే గుర్తుపట్టాను. 2015లో మనవరాలు పుట్టబోతున్నప్పుడు అమ్మ తన అన్నిటికంటే పాత చీరాల చీరను చించి, పన్నెండు పొత్తిగుడ్డలు కుట్టి, అమ్మాయి దగ్గరికి వెళ్తున్న నా పెట్టెలో పెట్టింది. పసిపిల్లను మొదట చుట్టేది మెత్తబడ్డ పాత చీరతోనే కదా మన ఇళ్లలో. ఆ పన్నెండింటిలో ఒకటి మా అమ్మాయి ఊరికే పారేయలేక దాచుకుంది. అక్కడి తల్లులు బిడ్డ బట్టల్ని తమ ఒంటి మీదికి తెచ్చుకుంటున్నారు. మన అమ్మమ్మలు తమ ఒంటి మీది చీరను బిడ్డకు చుట్టారు. దాచుకోవడం మా అమ్మాయికి తెలిసింది, నాకు తెలియలేదు.

ఆ గుడ్డ మూరెడు మిగిలింది. మొత్తం కత్తిరించడానికి అమ్మాయికి మనసు రాలేదు. సగం ఉంచుకుని, మిగతా సగంలో 'అ' ఒక్కటి తీస్తానంది. ఈసారి ముందే చెప్పాను, తిరగేసి గీసుకోమని. పాత 'అ' కుట్లు బ్లేడుతో ఒక్కొక్కటిగా విప్పింది. అక్కడ మిషను లేదు, అందుకని వీడియో కాల్‌లో కాజా కుట్టు నేర్పాను. రెండు ఆదివారాలు పట్టింది. తను కుడుతుంటే మనవరాలు పక్కనే కూర్చుని సూదికి దారం ఎక్కించి ఇచ్చింది.

ఆ ఎరుపు మరక పోలేదు, అలాగే ఉంది. స్వెట్‌షర్ట్ మీద మూడక్షరాల్లో మొదటిది మాత్రమే మా అమ్మది. మిగతా రెండూ నేను బజారులో కొన్నవి.

ఇది చదువుతున్నవాళ్లకు ఒక్క మాట. ఇంట్లో పెద్దావిడ చీరలు ఇచ్చేయాల్సి వస్తే ఇచ్చేయండి, అన్నీ ఉంచుకోవడం ఎవరి వల్లా కాదు. కానీ ఇచ్చే ముందు ప్రతి చీర పైటచెంగు దగ్గర మూరెడు గుడ్డ కత్తిరించి పక్కన పెట్టుకోండి.  ఆ చీర ఎవరిదో, ఎప్పటిదో ఒక చీటీ రాసి లోపల పెట్టండి. పదకొండు చీరలవి పదకొండు మూరలు ఒక చిన్న స్టీలు డబ్బాలో పడతాయి. నా దగ్గర ఆ డబ్బాలు రెండున్నాయి. రెండూ ఖాళీయే.