సతోషి గారి పట్టా భూమి

యజమాని ఊళ్లో లేడని తెలిస్తే ఖాళీ స్థలానికి వారసులు ఎలా పుట్టుకొస్తారో హైదరాబాద్ శివార్లలో ఉండేవాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. ముందు రాత్రికి రాత్రి నాలుగు రాళ్లు పాతుతారు. తర్వాత తాతగారి సంతకంతో పాత కాగితమొకటి బయటికి తీస్తారు. ఆ తర్వాత ఇరుగుపొరుగుకే నోటీసులు పంపుతారు. ఈ విద్యలో మనల్ని మించినవాళ్లు లేరనుకునేవాళ్లు ఆస్ట్రేలియాలో పుట్టిన క్రెయిగ్ రైట్ కథ ఒకసారి వినాలి. ఆయన కన్ను పడింది ఎకరం మీదో అరెకరం మీదో కాదు, ఏకంగా బిట్‌కాయిన్ మీద.

ఆ స్థలం పూర్వాపరాలు కొంచెం. 2008 అక్టోబర్ 31న సతోషి నాకమోతో అనే పేరుతో ఎవరో తొమ్మిది పేజీల పత్రం ఒకటి ఇంటర్నెట్‌లో పెట్టారు. మధ్యలో బ్యాంకు లేకుండా ఒకరి నుంచి ఇంకొకరికి డబ్బు పంపుకునే పద్ధతి అందులో ఉంది. అప్పటికి అమెరికాలో లేమన్ బ్రదర్స్ కూలి రెండు నెలలు కూడా కాలేదు. 2009 జనవరి 3న బిట్‌కాయిన్ ఖాతాపుస్తకంలో తొలి బ్లాకు వెలిసింది. బ్యాంకులను రెండోసారి గట్టెక్కించడానికి బ్రిటన్ ఆర్థికమంత్రి సిద్ధమవుతున్నాడన్న ఆనాటి లండన్ టైమ్స్ శీర్షికను సతోషి ఆ బ్లాకులోనే శిలాశాసనంలా చెక్కి పెట్టారు. 2011 నాటికి మనిషి అయిపు లేకుండా పోయారు. ఆడో మగో, ఒక్కరో పదిమందో కూడా తెలియదు. తొలినాళ్లలో తవ్వుకున్న సుమారు 11 లక్షల నాణేలు సతోషి ఖాతాల్లోనే కదలకుండా ఉన్నాయని పరిశోధకుల అంచనా. లోకంలో ఇంత ఆస్తి ఉండి, ఇంతవరకూ ఒక్క ఇంటర్వ్యూ ఇవ్వని మనిషి ఇంకొకరు ఉండరు.

ఆ ఇంటర్వ్యూల లోటు రైట్ గారు తీర్చారు. 2016 మేలో బీబీసీ, ఎకనామిస్ట్, జీక్యూల విలేకరులను పిలిచి సతోషిని నేనేనని చెప్పారు. నిరూపించడానికి సాక్షులు, పంచాయతీ అక్కర్లేదు. సతోషి దగ్గర మాత్రమే ఉండే రహస్య తాళంతో ఒక్క సందేశం మీద డిజిటల్ సంతకం పెడితే చాలు, ప్రపంచంలో ఎవరైనా దాన్ని నిమిషంలో సరిచూసుకోవచ్చు. రైట్ గారు బహిరంగంగా చూపిన సంతకాన్ని నిపుణులు గంటల్లోనే పట్టేశారు. అది 2009 నాటి లావాదేవీలోంచి ఎత్తి తెచ్చినదట. తిరుగులేని రుజువు రేపు చూపిస్తానన్నారు. ఆ రేపు వచ్చేసరికి, చూపించే ధైర్యం చాలడం లేదని రాసి పెట్టారు. తాళానికి దారి చూపే హార్డ్ డిస్కును కాలితో తొక్కి పాడుచేశానని నార్వే కోర్టులో తర్వాత చెప్పారు.

తాళం లేనప్పుడు ఏం చేయాలి? రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లాలి. 2019లో ఆయన అమెరికా కాపీరైట్ ఆఫీసులో ఆ తొమ్మిది పేజీలనూ, తొలి సాఫ్ట్‌వేర్‌నూ తన పేరిట రిజిస్టర్ చేయించుకున్నారు. సతోషి ఎవరో అమెరికా ప్రభుత్వమే గుర్తించిందని అనుచరులు పండగ చేసుకున్నారు. ఆ ఆఫీసువాళ్లకు తల కొట్టేసినట్టయి ఒక ప్రకటన ఇవ్వాల్సి వచ్చింది. దరఖాస్తులో రాసింది నిజమేనని సంతకం పెడితే మేం నమోదు చేస్తాం, అంతేగానీ నిజమో కాదో విచారించం అన్నది దాని సారం. అదే ఏడాది ఇంకొకాయన నామమాత్రపు ఫీజు కట్టి, అదే పత్రాన్ని తన పేరు మీదా రిజిస్టర్ చేయించుకున్నాడు. ఒకే సర్వే నంబరు మీద ఇద్దరికి పాస్‌బుక్కులన్నమాట. ధరణి మీద విసిగి వేసారినవాళ్లు అమెరికా పద్ధతి చూసి కాస్త ఊరట పొందవచ్చు.

కాగితం చేతికొచ్చాక నోటీసులు మొదలయ్యాయి. 2021 జనవరిలో రైట్ లాయర్లు బిట్‌కాయిన్ డాట్ ఆర్గ్ అనే వెబ్‌సైటుకు, ఆ పత్రం మా క్లయింటుది, వెంటనే తీసేయండి అని రాశారు. ఆ సైటు నడిపేది కోబ్రా అనే మారుపేరు మనిషి. ప్రభుత్వాలకు తలవంచని లోకంలో అసలు పేరు చెప్పుకోవడం అంటే మర్యాద తక్కువ. వ్యవహారం లండన్ హైకోర్టుకు చేరింది, అక్కడ మాత్రం అసలు పేరు చెప్పకపోతే వాదించడానికి లేదు. కోబ్రా పేరు చెప్పలేదు, వాదనా వినిపించలేదు. 2021 జూన్‌లో కోర్టు ఎదుటి పక్షం రాలేదన్న లెక్కన రైట్‌కు డిక్రీ ఇచ్చి, ఖర్చుల కింద 35,000 పౌండ్లు కట్టమంది. బ్రిటన్‌లో ఉన్నవాళ్లు ఆ సైటు నుంచి పత్రం దించుకోకుండా ఆపేశారు. పేరు లేనివాడు రాసిన పత్రాన్ని, పేరు చెప్పనివాడి నుంచి, పేరు మాత్రమే ఉన్నవాడు గెలుచుకున్నాడు.

గెలిచాడు గానీ దక్కించుకోలేదు. నోటీసు సంగతి బయటికి రాగానే స్క్వేర్ కంపెనీ ఆ పత్రాన్ని తన సైటులో పెట్టింది. అమెరికాలోని మయామీ నగరపాలక సంస్థ కూడా పెట్టుకుంది. అంతకు ముందే, 2013లో, ఎవరో ఆ పీడీఎఫ్ మొత్తాన్ని ముక్కలుగా చేసి బిట్‌కాయిన్ బ్లాక్‌చెయిన్‌లోనే ఒక లావాదేవీ రూపంలో పాతిపెట్టారు. దాన్ని తీయించాలంటే వేలాది కంప్యూటర్లలో ఉన్న మొత్తం ఖాతాపుస్తకాన్నే తీసేయాలి. అసలు చోద్యం 2023 ఏప్రిల్‌లో బయటపడింది. 2018 నుంచీ యాపిల్ మ్యాక్ కంప్యూటర్లతో పాటు, సింపుల్‌డాక్ అనే అమాయకపు పేరుతో, ఆ పత్రం కాపీ కూడా వస్తూ ఉండేదట. తన యాప్ స్టోర్‌లో చీమను కూడా అనుమతి లేకుండా పాకనివ్వని కంపెనీ, ఏ పెత్తనమూ వద్దనే పత్రాన్ని ఇంటింటికీ చేరవేసింది. ఎందుకు పెట్టారో యాపిల్ చెప్పలేదు. రైట్ గారు తొలగించమని యాపిల్ మీద దావా వేసిన దాఖలా కూడా లేదు. నోటీసులకూ ఎదుటివాడి స్థాయి తెలుస్తుంది.

ఇక రైట్ సతోషి కాదని తేల్చమంటూ ఆయనను కోర్టుకు ఈడ్చింది ఎవరు? కోపా అనే కూటమి. 2020లో పుట్టింది. స్క్వేర్, కాయిన్‌బేస్, క్రాకెన్ వంటి కంపెనీలు అందులో చేరాయి. మధ్యవర్తే వద్దన్న నాణేన్ని కాపాడటానికి డబ్బు పెట్టింది ఆ నాణేలు కొనిపెట్టి, అమ్మిపెట్టి, మధ్యలో కమీషన్ తీసుకునేవాళ్లు. అసలు కన్నా వడ్డీ ముద్దంటారు కదా. 2024 ఫిబ్రవరి 5న లండన్‌లో జస్టిస్ జేమ్స్ మెల్లర్ ముందు విచారణ మొదలైంది.

భూమి కేసుల్లో ఆరితేరిన మన ప్లీడర్లు పాత దస్తావేజు చేతికిస్తే ముందు రాత చదవరు, స్టాంపు పేపరు ఎప్పుడు అమ్మారో చూస్తారు. లండన్‌లోనూ అదే జరిగింది. 2007 నాటి మీటింగులో రాసుకున్నానని రైట్ గారు చూపిన చేతిరాత కాగితాలు క్విల్ బ్రాండు నోట్‌ప్యాడ్‌లోవి. ఆ ప్యాడ్ తయారీదారును అడిగితే, ఆ రకం అప్పటికి ఇంకా అచ్చే కాలేదన్నారు. 

తర్వాత వంతు ఫాంటుది. వర్డ్ ఫైలు తెర మీద కనిపించేదే కాకుండా, తన కడుపులో ఏ ఫాంట్లు వాడిందో జాబితా కూడా దాచుకుంటుంది. బిట్‌కాయిన్ పుట్టుక నాటిదని చెప్పిన ఒక ఫైలును నిపుణులు విప్పితే అందులో క్యాలిబ్రి లైట్, నిర్మలా యూఐ అనే రెండు ఫాంట్ల పేర్లు దొరికాయి. ఈ నిర్మలా యూఐ మనకు పరాయిది కాదు. దేవనాగరి, తమిళం, కన్నడంతో పాటు తెలుగు అక్షరాలు కూడా చూపించడానికి మైక్రోసాఫ్ట్ విండోస్ 8తో, అంటే 2012లో, ఇచ్చిన ఫాంటు. విండోస్ కంప్యూటర్లో తెలుగు చదివేవాళ్ల కళ్ల ముందు చాలాసార్లు ఉండేది అదే. నాలుగేళ్ల తర్వాత పుట్టబోయే తెలుగు ఫాంటును 2008లోనే వాడాలంటే నిజంగానే సతోషి అంతటి మేధావి అయి ఉండాలి. ఆ లెక్కన ఆ సాక్ష్యం రైట్‌కు అనుకూలమేనని ఆయన లాయర్లు ఎందుకు వాదించలేదో తెలియదు.

ఆ తొమ్మిది పేజీలనూ లేటెక్ అనే టైప్‌సెట్టింగ్ పద్ధతిలో కూర్చానని ఆయన చెప్పారు. అసలు పీడీఎఫ్ మాత్రం ఓపెన్ ఆఫీస్ 2.4లో తయారైనట్టు తన ఒంటి మీదే రాసి ఉంది. ఆయన లేటెక్ ఫైళ్లు ఉంచిన వెబ్‌సైటు ప్రతి మార్పునూ తేదీతో సహా గుర్తుపెట్టుకునే రకం. 2023 నవంబర్‌లో కూర్చుని, పదాల మధ్య ఖాళీలు అసలు పత్రంలోని ఖాళీలకు సరిపోయేదాకా జరుపుతూ పోయిన వైనమంతా అందులో బయటపడింది. ప్రశ్న వచ్చినప్పుడల్లా ఆయన తప్పు సిబ్బందిదనో, మాజీ ఉద్యోగులదనో, హ్యాకర్లదనో చెప్పుకొచ్చారు.

మార్చి 14న వాదనలు ముగియగానే జడ్జిగారు తీర్పు కాపీ రాసేదాకా ఆగలేదు. రైట్ ఆ పత్రం రాయలేదు, సతోషి పేరుతో పనిచేసింది ఆయన కాదు, బిట్‌కాయిన్ వ్యవస్థ ఆయన సృష్టి కాదు, తొలి సాఫ్ట్‌వేర్ రాసిందీ ఆయన కాదు అని నాలుగు ముక్కల్లో అక్కడికక్కడే తేల్చేశారు. మేలో వచ్చిన పూర్తి తీర్పులో, భారీ ఎత్తున దొంగ పత్రాలు సృష్టించారనీ, పదేపదే అబద్ధమాడారనీ, తాను అనుకుంటున్నంత తెలివైనవాడేమీ కాదనీ రాశారు. మూడోది ఆయనకు ఎక్కువ బాధ కలిగించి ఉంటుంది.

ఇదంతా కంప్యూటర్ ఎప్పుడో తేల్చేసిన విషయమే అన్నది ఇందులో గమ్మత్తు. అమెరికాలో ఫ్లోరిడా కేసులో రైట్ తనవని చెప్పిన ఖాతాల జాబితా ఒకటి కోర్టుకెక్కింది. 2020 మేలో ఆ జాబితాలోని 145 ఖాతాల అసలు తాళాలతో ఎవరో ఒక సందేశం మీద సంతకం చేసి లోకం ముందు పెట్టారు. రైట్ అబద్ధాలకోరు, ఈ తాళాలు ఆయన దగ్గర లేవు అన్నది అందులో మాట. గణితం చెప్పాల్సింది చెప్పేసింది. కానీ గణితం ఎవరికీ ఇంజంక్షన్ ఇవ్వదు, ఖర్చులు ఇప్పించదు, నోటీసులు అందుకుని బెదిరిపోయిన సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లకు ధైర్యం చెప్పదు. అందుకే బ్యాంకు మేనేజరును ముందు గుమ్మంలోంచి సాగనంపిన వికేంద్రీకరణ, బారిస్టర్లను దొడ్డిదారిన లోపలికి తెచ్చుకుంది. మేనేజరు సర్వీస్ చార్జీ తీసుకునేవాడు. బారిస్టర్ల ఫీజు ముందు అది చిల్లర.

అవతల క్రిప్టో భక్తులకు మాత్రం కాపీరైటు తెలుసా అంటే అదీ లేదు. 2021 నవంబర్‌లో క్రిప్టోతో చందాలు వేసుకున్న స్పైస్ డావో అనే బృందం పారిస్ క్రిస్టీస్ వేలంలో ఒక పాత పుస్తకాన్ని 26.6 లక్షల యూరోలకు పాడుకుంది. హొడొరోవ్‌స్కీ అనే దర్శకుడు 1970ల్లో డ్యూన్ నవలను సినిమాగా తీద్దామని తయారు చేయించుకున్న చిత్రాల ప్రతి అది. వేలం నిర్వాహకులు వేసిన అంచనా 25 నుంచి 35 వేల యూరోలు. ఇక దీన్ని అందరికీ అందుబాటులో పెడతాం, యానిమేషన్ సీరీస్ తీసి ఓటీటీకి అమ్ముతాం అని 2022 జనవరిలో ప్రకటించారు. పుస్తకం కొంటే కాపీ మాత్రమే వస్తుంది, కాపీరైటు రాదని నెటిజన్లు గుర్తుచేశారు. అంత మంది చందాలు వేసుకున్న వ్యవహారంలో ఒక్కరూ లాయరును అడిగినట్టు లేదు.

మన దేశం ఈ తగాదాలో సొంత బాణీ కట్టింది. 2018 ఏప్రిల్‌లో రిజర్వు బ్యాంకు బ్యాంకులను క్రిప్టో వ్యాపారుల గుమ్మం తొక్కొద్దంది. 2020 మార్చి 4న సుప్రీంకోర్టు ఆ ఆదేశాన్ని కొట్టేసింది. 2022 బడ్జెట్‌లో నిర్మలా సీతారామన్ లాభం మీద 30 శాతం పన్ను, బదిలీల మీద 1 శాతం టీడీఎస్ వేశారు. ఒక కాయిన్‌లో వచ్చిన నష్టాన్ని ఇంకో కాయిన్ లాభంలో సర్దుకోవడానికి లేదన్నారు. పన్ను వేసినంత మాత్రాన చట్టబద్ధం చేసినట్టు కాదనీ చెప్పారు. పట్టా ఇవ్వం గానీ శిస్తు మాత్రం టంచనుగా కట్టాలి. రెండు నిర్మలల్లో ఫాంటు దగ్గర ఒక్కడే దొరికిపోయాడు, బడ్జెట్ దగ్గర అందరూ దొరికారు. 2024 జూలైలో వజీర్‌ఎక్స్ అనే క్రిప్టో ఎక్స్ఛేంజి నుంచి సుమారు 23 కోట్ల డాలర్ల క్రిప్టో చోరీ అయ్యాక, ఏ దేశానికీ చెందని డబ్బు దాచుకున్న మనవాళ్లు సింగపూర్ హైకోర్టు తేదీల కోసం నెలల తరబడి ఎదురుచూశారు.

మళ్లీ రైట్ దగ్గరికి వస్తే, తాను సతోషిని కాదనే నోటీసును తన సొంత వెబ్‌సైటులో తానే అంటించుకోవాలని కోర్టు 2024 జూలైలో ఆదేశించింది. అబద్ధపు సాక్ష్యం సంగతి చూడమని ఫైలును ప్రాసిక్యూషన్ విభాగానికి పంపింది. ఆయన తగ్గలేదు. అక్టోబర్‌లో 91,100 కోట్ల పౌండ్లకు కొత్త దావా వేశారు. ఆ దావా కోర్టు ధిక్కారమంటూ జరిగే విచారణకు లండన్ రమ్మంటే, దారిఖర్చులూ పోయిన సంపాదనా కలిపి 2,40,000 పౌండ్లు ఇస్తే వస్తానన్నారు. చివరికి ఆసియాలో ఎక్కడి నుంచో వీడియోలో కనిపించి, ఏ దేశంలో ఉన్నదీ చెప్పలేదు. చిరునామా దాచే విషయంలో మాత్రం సతోషి లక్షణాలు కనిపించాయి. డిసెంబర్ 19న పడిన ఏడాది జైలుశిక్షను రెండేళ్లు నిలిపి ఉంచారు.

ఇంతా చేసి, ఆ తొమ్మిది పేజీల కాపీరైటు ఎవరిది కాదో తేలింది గానీ ఎవరిదో తేలలేదు. మారుపేరుతో వచ్చిన రచనకు మన చట్టం ప్రచురణ నుంచి 60 ఏళ్లు రక్షణ ఇస్తుంది కనుక ఇక్కడ 2068 చివరిదాకా గడువుంది. బ్రిటన్‌లో ఇంకో పదేళ్లు ఎక్కువ. సతోషిని నేనేనంటూ రాబోయే తదుపరి పెద్దమనిషికి తొందరేమీ లేదు. టైపు చేయించే ముందు ఫాంటు ఏ సంవత్సరంలో పుట్టిందో కనుక్కుంటే సరిపోతుంది.