ఆదివాసీ ట్రైనీ సభ్యత్వం: వాడే విధానం

ఆస్ట్రేలియాలో డాక్టర్ని తయారుచేసేది యూనివర్సిటీ. ఆ డాక్టర్ని సర్జన్‌గానో, సైకియాట్రిస్టుగానో తీర్చిదిద్దేవి స్పెషలిస్టు కాలేజీలు. వీటిలో క్లాసురూముల కన్నా కమిటీలు ఎక్కువ. సిలబస్, పరీక్షలు, ఫీజులు అన్నీ అక్కడే తేలతాయి. అబోరిజినల్, టోరెస్ జలసంధి దీవుల ప్రజల్లోంచి వచ్చిన ట్రైనీ కోసం ఆ కమిటీలో వేసే ఒక్క కుర్చీయే ఆదివాసీ ట్రైనీ ప్రాతినిధ్యం.

దీని చరిత్ర తీరుబడిగా నడిచింది. సర్జన్ల కాలేజీ 1927లో పుట్టింది. హెలెన్ మిల్‌రాయ్ తొలి అబోరిజినల్ డాక్టరుగా పట్టా అందుకున్నది 1983లో. కెల్విన్ కాంగ్ తొలి అబోరిజినల్ సర్జన్ అయింది 2007లో. అంటే అర్హులు ఎప్పుడొస్తారా అని కాలేజీ ఎనభై ఏళ్లు తలుపు తీసుకుని కూర్చుంది. ఎవరూ రాకపోవడానికి మెట్లు కారణమేమోనన్న అనుమానం మాత్రం అజెండాకెక్కడానికి చాలాకాలం పట్టింది. 2021 జనగణన ఆధారంగా వేసిన అంచనా ప్రకారం దేశ జనాభాలో ఆదివాసులు 3.8 శాతం. డాక్టర్లలో ఒక శాతం కూడా లేరు. ఈ రోగానికి కమిటీలు రాసే మందు: కుర్చీ ఒకటి, రెండేళ్లపాటు.

కుర్చీ భర్తీకి ఈమెయిల్ వెళ్తుంది. అర్హత ఉన్నది ఒక్కరికే కావడంతో పోటీ తీవ్రంగా ఉండదు. ఆ ఒక్కరూ అప్పటికే ఇంకో మూడు కమిటీల్లో ఇదే కుర్చీలో ఉంటారు. అజెండా అర్థమయ్యే వేళకు పరీక్ష పాసవుతారు. పాసైతే ట్రైనీ కాదు, ట్రైనీ కాకపోతే సభ్యత్వం లేదు. కమిటీకి అనుభవజ్ఞులంటే గౌరవమే, అందుకే ఈ కుర్చీలో అనుభవం పోగుపడనివ్వదు.

సమావేశం ఆ నేల అసలు హక్కుదారులను స్మరించడంతో మొదలవుతుంది. చైర్మన్ చీటీ చూసి ఆ జాతి పేరు సగం పలికి, మిగతా సగం కోసం ట్రైనీ వైపు చూస్తారు. ట్రైనీది అక్కడికి మూడు వేల కిలోమీటర్ల అవతలి ఊరు. బ్రిటిషర్లు దిగేనాటికి ఆ ఖండంలో 250కి పైగా భాషలుండేవి. అన్నిటి తరఫునా జవాబు చెప్పాల్సింది మాత్రం రాత్రి డ్యూటీ దిగి, ఆస్పత్రి కారిడార్ నుంచి వీడియోలో చేరిన ఈ మనిషే.

ఆదివాసీ అంశం అజెండాలో తొమ్మిదోది, అంటే భోజనానికి ముందుది. సొంత ప్రాంతానికి దగ్గర్లో పోస్టింగ్ కావాలని ట్రైనీ అడిగితే అది పోస్టింగుల కమిటీ పని. అక్కడ ఈ కుర్చీ లేదు. వార్డులో వినబడే జాత్యహంకారపు మాటల గురించి చెప్పడం ఇంకా చిక్కు. అవి అన్న పెద్దాయనే ట్రైనింగ్ రిపోర్టు మీద సంతకం పెట్టాలి. ఒక్కోసారి ఆయన ఎదుటి కుర్చీలోనే ఉంటారు. అందుకని ట్రైనీ కాస్త దగ్గి, వాతావరణం మెరుగుపడాలంటారు. మినిట్స్‌లో “విలువైన సూచన పరిశీలనకు స్వీకరించడమైనది” అని పడుతుంది. ఏసీ సంగతి అనుకున్నవారూ ఉంటారు.

2022లో సవరించిన ఆరోగ్య వృత్తుల నియంత్రణ చట్టం ఆదివాసీ రోగులకు వారి సంస్కృతిని గౌరవించే వైద్యం అందాలని చెప్పింది. కాలేజీలకు గుర్తింపునిచ్చే మెడికల్ కౌన్సిల్ కూడా ఆదివాసుల విషయంలో ఏం చేశారని అడుగుతుంది. 2023 అక్టోబరు 14న, ఆదివాసులకు పార్లమెంటుకు సలహా చెప్పే వేదిక ఉండాలా అని రెఫరెండం పెడితే ఆరు రాష్ట్రాలూ వద్దన్నాయి. ఆ వేదిక ఉండాలని అంతకుముందు పలు కాలేజీలు బాహాటంగానే అన్నాయి. పార్లమెంటుకు సలహా చెప్పడమంటే సరే, సొంత కమిటీలో ఆ కుర్చీకి ఓటివ్వడమనేది నిబంధనల ఉపసంఘం తేల్చాల్సిన సంగతి.

కుర్చీ ఖాళీ అయినా కోరానికి ఇబ్బంది లేదు. వార్షిక నివేదికలో “ఆదివాసీ ప్రాతినిధ్యం: ఉంది” అన్న గడిలో టిక్కు పడుతుంది. గడి అడిగింది మనిషిని కాదు.